మనోళ్ళ పిల్ల

వేంకటాద్రి కాఫీ ముట్టలేదు. నిన్న సాయంత్రం నుంచీ ఆ ఇంట్లో ఆయన ఏదీ ముట్టలేదు. ఉయ్యాల బల్ల మీద కూర్చుని, ఊగకుండా, ఎదురుగోడకు వేలాడే కుల సంగం క్యాలెండరును చూస్తున్నాడు. అందులో కింది వరసలో ఆయన ఫోటో కూడా ఉంది. కింద 'సెయలాళర్' అని తమిళంలో అచ్చు వేశారు. కార్యదర్శి అని అర్థం. ఆ ఫోటోలో మనిషి నవ్వుతున్నాడు. ఉయ్యాల మీద మనిషి మాత్రం ఇక జన్మలో నవ్వేలా లేడు.

అమృతవల్లి కాఫీ వెనక్కి తీసుకుపోయి, మళ్ళీ వేడిచేసి తెచ్చింది. వేడిచేసిన కాఫీ మొగుడికి గిట్టదని ఆమెకు తెలుసు. కొత్తగా కలపడానికి ఓపిక లేదు. ఆమెకు నిన్నటి నుంచీ దేనికీ ఓపిక లేదు.

"తాగండి. మీరు తాగకపోతే ఎవురికి నష్టం? కాఫీకా?"

ఆయన క్యాలెండరు మీంచి చూపు తిప్పలేదు.

లోపలి నుంచి జీవిత వచ్చింది. మెడలో కాలేజీ కార్డు, చేతిలో స్కూటీ తాళం. రాత్రంతా ఏడ్చిన మొహాన్ని పొద్దున్నే చన్నీళ్ళతో కడిగినట్టుంది. కళ్ళు మాత్రం ఎర్రగానే ఉన్నాయి.

"నేను పోయొస్తానమ్మా."

"యాడికి?" తండ్రి మొదటిసారిగా నోరు విప్పాడు.

"క్లాసుకు నాయనా. నిన్న చుట్టిన కాయిలన్నీ అట్లే ఉండాయి. ఈ రోజు వార్నిష్ పెట్టాల."

"సరి, పో. పోయి ముందు ఆ పిల్లకు చెప్పి పంపించు. వార్నిష్ తర్వాత పెట్టుకో."

"నేను చెప్పను."

"నువ్వు చెప్పకుంటే ఇంకెవురు చెప్తారు? టీచరు నువ్వు."

"చేర్చుకున్నది మీరు. మీరే వచ్చి చెప్పండి. దాని మొహం చూసి చెప్పండి."

వేంకటాద్రి మళ్ళీ క్యాలెండరు వైపు తిరిగాడు. జీవిత స్కూటీ తాళాన్ని వేలికి తగిలించుకుని గిర్రున తిప్పుతూ నిలబడింది. వెళ్ళనూ లేదు, కూర్చోనూ లేదు. అమృతవల్లి కాఫీ టంబ్లరును బల్ల మీద ఆయనకు అందేంత దూరంలో పెట్టి, వంటింటి గడప మీద కూలబడింది.

వాళ్ళు 'ఆ పిల్ల' అంటున్నది ఇళవరసిని. సేత్తూరు నుంచి బస్సులో వచ్చి, తెన్కాశి రోడ్డులో సంగం వాళ్ళ టెక్నికల్ కాలేజీలో మోటారు వైండింగ్ నేర్చుకునే పిల్ల. ఆ కోర్సు నడిచేది రెండు చేతుల మీద. ఒక చేయి సంగానిది. ఊళ్ళోంచి లారీ ఎక్కే ప్రతి బేలు గుడ్డకూ, ప్రతి లోడు కొబ్బరికాయలకూ ఇంతని సంగం వాళ్ళు తీసిపెట్టే మగమై అన్నమాట. రెండో చేయి ప్రభుత్వానిది. సంగం ఎంత పెడితే తానూ అంత పెడతానని మాటిచ్చింది. సంగం చేయి వెనక్కి తీస్తే ప్రభుత్వమూ తీస్తుంది. అప్పుడు వర్క్‌షాపుకు తాళం, క్లాసులోని పిల్లలంతా ఇంటికి. పథకాన్ని ఇక్కడి తెలుగువాళ్ళు కూడా తమిళుల మాదిరే 'తిట్టం' అంటారు. నిన్నటి నుంచీ ఈ ఇంటికి ఆ తిట్టం వల్ల దక్కినవి తిట్లే.

సోమవారం లోపల సంగం తన వంతు కట్టాలి. కట్టాలంటే ఇళవరసి వెళ్ళిపోవాలని నిన్న కబురొచ్చింది.

"తప్పు ఎవురిది నాయనా?" జీవిత గొంతు తగ్గించింది. తగ్గించినా పదును తగ్గలేదు. "ఇంటర్వ్యూలో అది తెలుగులో జవాబు చెప్పింది. అంతే, మీరు మురిసిపోయినారు. 'మనోళ్ళేనమ్మా?' అన్నారు. అది అవునంది. అంతకు మించి ఒక్క మాట అడిగినారా?"

"తెలుగు మాట్లాడితే మనోళ్ళు కాకుండా ఎవురే? ఈ ఊళ్ళో ఇంకెవురు మాట్లాడతారు?"

"వాళ్ళూ మాట్లాడతారు. మనకు తెలీదు, అంతే."

తెలియకపోవడం కాదు. అమృతవల్లి గడప మీద కూర్చుని తనలో తాను అనుకుంది. తెలుసు. అందరికీ తెలుసు. నాయక రాజుల కాలంలో ఈ దిక్కుకు వచ్చి నాగలి పట్టిన కుటుంబాలు వీళ్ళవి. ఆ నాగళ్ళ వెనకే, బావుల్లోంచి ఎద్దులతో నీళ్ళు తోడే తోలు బానలు కుడుతూ వచ్చినవాళ్ళు వాళ్ళు. వీళ్ళు ఊరి తెరువులో, అంటే వీధిలో, ఉండిపోయారు. వాళ్ళను ఊరి చివర కాలనీలో ఉంచారు. ఇద్దరి ఇళ్ళలోనూ పిల్లలను జోకొట్టే మాట ఒకటే. ఆ సంగతి నోటితో అనడం ఒక్కటే ఎవరికీ అలవాటు లేదు.

వేంకటాద్రి చేసిన పొరపాటు అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు. పోయిన నెల సంగం మహాసభలో ఆ పిల్లను మేడ, అంటే వేదిక, ఎక్కించాడు. సంగం పెద్దల మనవలకూ మనవరాళ్ళకూ ఇంట్లో తమిళం, బళ్ళో ఇంగ్లీషు. తాతలు తెలుగులో పిలిస్తే వాళ్ళు ఫోన్లోంచి తలెత్తి 'ఎన్న తాతా?' అని తమిళంలోనే అంటారు. అలాంటి సభలో ఇళవరసి మైకు ముందు నిలబడి, కాలిపోయిన మోటారును ఎలా విప్పుతారో, రాగి తీగ ఎలా చుడతారో, అచ్చంగా వాళ్ళ అవ్వలు మాట్లాడిన తెలుగులో చెప్పింది. వేంకటాద్రి మైకు లాక్కుని, "వినండి, మన మాట ఇంకా చావలేదు! మనోళ్ళ పిల్ల!" అన్నాడు. ముసలివాళ్ళు కండువాలతో కళ్ళు తుడుచుకున్నారు. సంగం తలైవర్, అంటే అధ్యక్షుడు, రాజగోపాల స్వయంగా ఆ పిల్ల భుజాల మీద జరీ అంచు శాలువా, పొన్నాడై, కప్పాడు. ఆ రోజు మగమై ఎన్నడూ లేనంత వసూలైంది. దేనికోసం ఇచ్చారో ఇచ్చినవాళ్ళకు బాగా తెలుసు. ఆ నోటి మాట కోసం ఇచ్చారు.

నిన్న సేత్తూరు నుంచి వచ్చిన గుడ్డల వ్యాపారి ఒకడు సంగం ఆఫీసు గోడ మీద ఆ సభ ఫోటో చూశాడు. చూసి నవ్వాడు. "ఇది కాలనీలో రాక్కమ్మాళ్ కూతురు కదా?" అన్నాడు. అంతే.

"నీకేమి?" వేంకటాద్రి కూతురి వైపు తిరిగాడు. "నువ్వు పాఠం చెప్పేసి ఇంటికి వస్తావు. తెరువులో తలెత్తుకుని నడవాల్సింది నేను. రాత్రి నుంచి ఎంతమంది ఫోన్ చేసినారో తెలుసునా? ఒకడు అడుగుతాడు, ఏమి సెయలాళర్, పొన్నాడై కప్పేటప్పుడు బాగా కప్పినారా అని. నవ్వుతాండారు నన్ను చూసి."

"నవ్వనియ్యండి."

"నీకు సులభం."

"నాకు సులభమా?" జీవిత తాళం తిప్పడం ఆపింది. "దాని అమ్మ నగరసభలో చీపురు పట్టి ఊడుస్తాది. ఆ చీపురు దీని చేతికి రాకూడదని రోజూ బస్సెక్కించి పంపిస్తాది. సర్టిఫికేట్ చేతికొస్తే మిల్లులో మెయింటెనెన్స్ పని ఇస్తామని మేనేజరు నాతో చెప్పినాడు. ఇంకా కొంచెం రోజులు ఉండాది, నాయనా. కొంచెం రోజులు. నేను పోయి, నువ్వు ఇంటికి పో అని ఎట్ల చెప్పాల? ఏమి కారణం చెప్పాల?"

వేంకటాద్రి ఉయ్యాల గొలుసు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఉయ్యాల గొలుసు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. అదే ఆ ఇంటి బాధ. చెడ్డవాడైతే ఈపాటికి కాఫీ తాగేసి ఉండేవాడు.

"దాన్ని పంపిస్తే నేనూ పని మాని నిలిచిపోతా," అంది జీవిత.

"నిలిచిపో."

"నిజంగా చెప్తాండా."

"నేనూ నిజంగానే చెప్తాండా."

ఇద్దరూ అమృతవల్లి వైపు చూశారు. ప్రతి గొడవలోనూ చివరికి ఇలాగే చూస్తారు. ఇరవై ఏళ్ళకు పైగా ఆ చూపులను మోసి మోసి ఆమె మెడ నొచ్చిపోయింది. ఆమె లేచి, "తొట్టిలో నీళ్ళు లేవు," అని పెరట్లోకి పోయి మోటారు స్విచ్ వేసింది.

మోటారు బుర్రుమని మొదలై, సన్నగా, ఒకే శ్రుతిలో పాడసాగింది. అమృతవల్లి అక్కడే నిలబడి విన్నది.

ఎండాకాలంలో ఈ మోటారు కాలిపోయింది. జీవిత ఇళవరసిని వెంటబెట్టుకొచ్చింది. ఇద్దరూ మోటారు విప్పి ఆటోలో వర్క్‌షాపుకు తీసుకుపోయి, కాయిలు మార్చి, తెచ్చి బిగించారు. పెరట్లో ఎండ మండిపోతోంది. జీవిత చేతులు కడుక్కోవడానికి లోపలికి పోయింది. ఇళవరసి చేతులంతా ఇంకా గ్రీజు. అమృతవల్లి చెంబూ టంబ్లరూ తీసుకొచ్చి, "నీళ్ళు తాగమ్మా," అంది.

ఇళవరసి కూర్చున్న చోటే ముందుకు వంగి రెండు చేతులూ దోసిలి పట్టింది.

ఎవరూ నేర్పకుండా వచ్చే పని కాదది. ఇంట్లో తల్లి నేర్పుతుంది. పెద్దింట్లో నీళ్ళిస్తే ఎలా తాగాలో తల్లికి ఆమె తల్లి నేర్పి ఉంటుంది. దోసిలి పట్టిన మరుక్షణం ఆ పిల్లకు తాను ఏం చేసిందో తెలిసింది. చేతులు వెనక్కి తీసుకోబోయి, తీసుకోలేక, అలాగే ఉంచేసి అమృతవల్లి మొహంలోకి చూసింది. ఆ చూపులో భయం ఉంది. అమృతవల్లికి ఆ చూపు ఇప్పటికీ గుండెలో గుచ్చుకునే ఉంది.

ఏం ఆలోచించిందో ఆమెకే తెలియదు. టంబ్లరు నిండా నీళ్ళు వంచి, ఆ దోసిట్లో పెట్టింది. నీళ్ళు కాదు, టంబ్లరును పెట్టింది. ఇళవరసి పెదవికి తగలకుండా ఎత్తి పోసుకుని, గ్రీజు మరక పడిన టంబ్లరును కొళాయి దగ్గర తానే తోమి బోర్లించింది. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు.

అప్పటి నుంచీ అమృతవల్లికి తెలుసు. మొగుడు మహాసభలో 'మనోళ్ళ పిల్ల' అని అరిచినప్పుడు ఆడవాళ్ళ వరసలో కూర్చున్న ఆమె తల దించుకుంది. అప్పుడైనా ఇంటికి వచ్చి చెప్పవచ్చు. చెప్పలేదు. చెబితే ఆ పిల్ల చదువు అక్కడితో సరి. చెప్పకపోతే ఏదో ఒక రోజు మొగుడి తల తెగినంత పనవుతుంది. ఈ రెంటి మధ్య ఆమె రోజూ అన్నం వండింది, బట్టలు ఉతికింది, నోరు మూసుకుంది.

వాకిట్లో బైకు ఆగిన చప్పుడైంది.

రాజగోపాల చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. సంగానికి తలైవర్, అమృతవల్లికి సొంత అన్న. తెల్ల చొక్కా, తెల్ల పంచె, నుదుట నామం. మొహం చూస్తే రాత్రి ఆయన కూడా నిద్రపోలేదని తెలుస్తోంది.

"వా బావా," అంటూ వేంకటాద్రి లేచాడు.

"కూర్చో మాప్ళే." రాజగోపాల కుర్చీ లాక్కున్నాడు. "జీవితా, కాలేజీకి పోలేదా?"

"పోవాలనే ఉండాది మామా. పోతే ఒక పిల్లను గెంటేసి రావాలంట."

"గెంటేసేది ఏముండాది అందులో? మర్యాదగా చెప్పు. వేరే యాడన్నా చేరుకోమను. వాళ్ళకు గవర్నమెంటు ఎన్నో ఇస్తాండాది."

"ఈ కోర్సుకు కూడా అరసాంగం సగం ఇస్తాండాది మామా. ఆ సగంలో అది చదువుకుంటాదని అనుకోండి."

రాజగోపాల నవ్వాడు. కోపం వస్తే ఆయన నవ్వుతాడు. "మేనకోడలు బాగా మాట్లాడతాది. మాప్ళే, నేను పొద్దున్నే గొడవకు రాలేదు. ఆరోజు ఇచ్చినోళ్ళంతా ఇప్పుడు ఫోన్ చేసి అడుగుతాండారు. మనోళ్ళ పిల్లకని ఇచ్చినాము, మీరు ఎవురికి పెట్టినారు అంటున్నారు. నేను ఏమి చెప్పాల? నాకు ఆ పిల్ల మీద కోపం లేదు. కానీ మగమై పెట్టేది వాళ్ళు. వాళ్ళు చాలు అంటే చాలు. సోమవారం సంగం వంతు కట్టకపోతే కోర్సే ఉండదు. ఒక్కదాని కోసం అందరినీ ఇంటికి పంపిస్తావా?"

వేంకటాద్రి తల వంచుకున్నాడు. "లేదు బావా."

"అదే నేను చెప్పేది."

అమృతవల్లి అన్నకు నీళ్ళు తెచ్చింది. వంటింటి అలమరలోంచి వరసలో ముందున్న టంబ్లరు తీసి, నింపి, ఇచ్చింది. పెళ్ళినాడు పుట్టింటి నుంచి సీరుగా, అంటే సారెగా, వచ్చిన టంబ్లర్లవి. ప్రతిదాని మీదా 'అ' అని చుక్కలతో పొడిపించింది ఈ అన్నే. అప్పుడు వాళ్ళ నాయనకు ఒంట్లో బాగాలేకపోతే, చెల్లెలి సామానంతా అతనే మదురైకి పోయి, దగ్గర కూర్చుని పేరు వేయించి తెచ్చాడు. అది ఆమె మరిచిపోలేదు. అన్న మీద ఆమెకు ప్రేమ ఉంది. ఈ రోజు ఆ ప్రేమను ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

రాజగోపాల సగం తాగాడు. "నువ్వు ఏమంటావు అమృతం?"

"నేనేమనేది అన్నా? నన్నెవురు అడిగినారు?"

"ఇప్పుడు అడుగుతాండాను కదా."

ఆమె నోరు తెరిచేలోపల గేటు చప్పుడైంది.

ఇళవరసి వచ్చింది. బస్ స్టాండు నుంచి ఎండలో నడిచి వచ్చినట్టుంది, చెమటతో మొహం తడిసిపోయింది. చేతిలో ఒక జవుళి కొట్టు సంచి. మెట్ల కిందే ఆగి చెప్పులు విడిచింది. లోపల రాజగోపాలను చూసి ఒక అడుగు వెనక్కి వేసింది.

"మిస్," అని జీవితను పిలిచింది.

జీవిత గబగబా మెట్లు దిగింది. "నువ్వెందుకు వచ్చినావు? క్లాసుకు పో. నేను వస్తా."

"క్లాసుకు పోలేదు మిస్. అయ్యను చూసి పోదామని వచ్చినా." సంచిలోంచి మడత విప్పని పొన్నాడై తీసి మెట్టు మీద పెట్టింది. "మా అమ్మ ఇచ్చి రమ్మనింది. ఊళ్ళో అందరూ మాట్లాడుకుంటాండారు. నావల్ల మిగిలినోళ్ళ చదువు పోవద్దు. నేను చదువు మాని నిలిచిపోతా అయ్యా."

ఉదయం నుంచీ ఆ ఇంట్లో మగవాళ్ళు కోరుకున్న మాట అదే. తానే వచ్చి చెప్పేసింది. అయినా వేంకటాద్రి మొహంలో బరువు దిగినట్టు లేదు. ఆయన ఉయ్యాల దిగి గడప దాకా వచ్చాడు.

"నన్ను ఎందుకమ్మా ఇట్ల చేసినావు?" మెట్టు మీది పొన్నాడై వైపు చూశాడు. "మనోళ్ళేనా అని అడిగినాను కదా. అవునన్నావు."

"మనోళ్ళా అంటే తెలుగోళ్ళా అని అడిగినారనుకున్నా అయ్యా."

"అబద్ధం," అన్నాడు రాజగోపాల కుర్చీలోంచే. "తెలీకుండా ఉంటాదా?"

ఇళవరసి ఆయన వైపు తిరగలేదు. వేంకటాద్రితోనే మాట్లాడింది. "తెలిసినా తెలీకపోయినా నేను వేరే ఏమి చెప్పాల అయ్యా? మా ఇంట్లో మాట్లాడేదే మాట్లాడినా. నేర్చుకొని వచ్చి మాట్లాడలేదు. మా అవ్వ మాట్లాడేది అదే. మేడ మీద కూడా అదే మాట్లాడినా. మీరు అందరూ ఏడ్చినారు. ఎందుకు ఏడ్చినారో నాకు అప్పుడు తెలీలేదు."

వేంకటాద్రి ఏదో అనబోయి గడప పట్టుకున్నాడు. జీవిత మొహం పక్కకు తిప్పుకుంది.

"సరి, మంచిది," అన్నాడు రాజగోపాల. ఆయన గొంతులో ఇప్పుడు నవ్వు లేదు. కష్టంగానే మాట్లాడాడు. "బుద్ధిగల పిల్ల. పొన్నాడై తీసుకుపో అమ్మా, కప్పింది మేము. ఇచ్చింది వెనక్కి తీసుకునేది లేదు."

"వద్దయ్యా."

అమృతవల్లి అప్పటిదాకా వంటింటి గడప దగ్గరే ఉంది. ఆ పిల్ల ఎండిపోయిన పెదవులు తడుపుకోవడం చూసింది. వంటింట్లోకి వెళ్ళి చెంబూ టంబ్లరూ తీసుకుని, అన్నను దాటి, మొగుణ్ణి దాటి, మెట్ల మీదికి వచ్చింది.

"నీళ్ళు తాగి పో."

ఇళవరసి రాజగోపాలను చూసింది, వేంకటాద్రిని చూసింది. తర్వాత నడుం వంచి, రెండు చేతులూ దగ్గరికి చేర్చి దోసిలి పట్టింది. ఈసారి పొరపాటున కాదు.

ఆ దోసిలి చూసేసరికి అమృతవల్లికి ఎక్కడలేని నీరసం వచ్చింది. ఇన్నాళ్ళ వంటలూ, ఇన్నాళ్ళ మౌనాలూ, ఇన్నాళ్ళ సర్దుబాట్లూ ఒక్కసారిగా భుజాల మీదికి వచ్చి కూర్చున్నట్టయింది. ఇక చాలనిపించింది.

"ఆ రోజు టంబ్లరులోనే తాగినావు కదే," అంది. "ఇప్పుడేమి కొత్తగా?"

ఆ మాట పెద్దగా అనలేదు. మోటారు కూడా పెరట్లో పాడుతూనే ఉంది. అయినా అందరికీ వినిపించింది.

జీవిత తల్లి వైపు తిరిగి నోరు తెరిచింది. ఆమెకూ ఆ సంగతి తెలియదు. ఇళవరసి చేతులు దోసిలి లోంచి విడిపోయాయి. అమృతవల్లి ఆ చేతుల్లో టంబ్లరు పెట్టింది.

"ఆ రోజా?" రాజగోపాల కుర్చీలోంచి లేచాడు. "ఏ రోజు అమృతం?"

"ఈ మోటారు చుట్టిన రోజు అన్నా. ఇదో, ఇప్పుడు తిరుగుతాండాదే, ఈ మోటారు."

"అప్పుడే నీకు తెలుసునా?"

"తెలుసు."

"తెలిసి నాకు చెప్పలేదా?" అన్నాడు వేంకటాద్రి. అడిగినట్టు లేదు, తనలో తాను అనుకున్నట్టుంది.

ఆమె మొగుడి వైపు చూడలేకపోయింది. ఆయన పరువు పోవడంలో తన చేయి ఉందని ఆమెకు తెలుసు. ఆ బాధ నిజమైనది. అయినా తల వంచలేదు. "చోళపురంలో మన తాత బావికి తోలు బాన ఎవురు కుట్టినారు అన్నా? వాళ్ళ తాతలే కదా. ఆ నీళ్ళు తాగి పెరిగినోళ్ళము మనము. ఇప్పుడు ఈ నీళ్ళు తాగుతాండాము. అప్పుడు ఎవురూ ఏమీ అనలేదు. ఇది చదువుకుంటే మాత్రము సోమవారం లోపల పోవాలంటారా?"

"తాతల కథ వేరే," అన్నాడు రాజగోపాల. అని, ఏదో గుర్తొచ్చినట్టు తన చేతిలోని టంబ్లరు వైపు చూశాడు. అందులో సగం నీళ్ళు ఇంకా ఉన్నాయి. నిదానంగా, ఒక్కొక్క మాటా విడదీస్తూ అడిగాడు:

"ఆ రోజు దానికి ఏ టంబ్లరులో ఇచ్చినావు?"

అమృతవల్లి అన్న చేతిలోని టంబ్లరును చూసింది. ఇళవరసి చేతిలోని టంబ్లరును చూసింది. రెండింటి మీదా అవే చుక్కలు, అదే 'అ'.

"జ్ఞాపకం లేదన్నా," అంది. "అన్నీ ఒకటి మాదిరే ఉంటాయి. నువ్వు తెచ్చిన సీరేగా."

రాజగోపాల టంబ్లరును కుర్చీ మీద పెట్టాడు. టంబ్లరును కుర్చీ మీద పెట్టాడు. పెట్టిన చేతిని ఏం చేయాలో తెలియక కాసేపు గాల్లోనే ఉంచాడు. తర్వాత పంచె సర్దుకున్నాడు.

"మాప్ళే, నేను పోతాండా. నా చెల్లెలు చెప్పింది విన్నాను. సంగానికి కావాల్సింది సెయలాళర్ మాట. ఈ పిల్ల తానే నిలిచిపోతానంటాది. నువ్వు సరి అంటే సోమవారం మగమై కడతాము. సరి అనకపోతే నీ దారి నీది. ఇప్పుడే చెప్పు."

మెట్టు మీద పొన్నాడై అలాగే ఉంది. ఇళవరసి టంబ్లరును రెండు చేతులా పట్టుకుని, తాగాలో వద్దో తెలియక నిలబడింది. జీవిత వచ్చి ఆమె పక్కన నిలుచుంది. పెరట్లో తొట్టి నిండి పొర్లుతోంది. మోటారు ఆపడానికి ఎవరూ కదల్లేదు.

"అమృతం," అన్నాడు వేంకటాద్రి. "దాహమైతాండాది. కొంచెం నీళ్ళియ్యి."

చెప్పుల్లో కాలు పెట్టబోతున్న రాజగోపాల ఆగిపోయాడు.

అమృతవల్లి వంటింట్లోకి వెళ్ళింది. అలమరలో టంబ్లర్లు వరసగా బోర్లించి ఉన్నాయి. ఒకదాని మీద చేయి వేసి, తియ్యకుండా ఆగింది. ఏ టంబ్లరులో అని అన్న మాదిరి ఆయనా అడుగుతాడేమోనని చెవులు రిక్కించింది. వెనక నుంచి ఏ మాటా రాలేదు. అడగడం ఇష్టం లేకనో, అడగడానికి నోరు రాకనో ఆమెకు తెలియలేదు. తిరిగి ఆయన మొహం చూసే ధైర్యం లేక, ఆ టంబ్లరు మీద చేయి అలాగే ఉంచి నిలబడింది.